రెండు రాళ్ళకుప్పల అక్క

పర్ణశాల అవతలి అడవిలో ఇప్పపువ్వు ఏరుకునే అక్క ఒకామె ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆ దారిన పోయినప్పుడల్లా పచ్చికొమ్మలు విరిచి, పక్కపక్కనే ఉన్న రెండు రాళ్ళకుప్పల మీద ఒక్కొక్కటి వేసేది. మనిషి ప్రాణం పోయినచోట అలా వేయడం వాళ్ళ ఆచారం.

సాయుధ పోరాటంలో మా నాన్న ఆ అడవిలోనే పోయాడు. నేనప్పుడు అమ్మ కడుపులో ఉన్నాను. పెద్దమనుషులు రోడ్డు పక్కన స్తూపం కట్టి, అదే స్థలమని ఉపన్యాసాలు దంచారు. నేను మధిర నుంచి ఏటా వచ్చి దానికే దండ వేశాను. ఒక ఏడు ఆ మాట చెబితే అక్క నవ్వింది.

“గాడ ఎవ్వలు సచ్చిండ్రు తమ్ముడూ? కార్లు ఆపుకోనీకి బాగుంటదని గాడ కట్టిండ్రు.”

నన్ను కుప్పల దగ్గరికి తీసుకుపోయింది. కాల్పుల మర్నాడు వాళ్ళమ్మ ఇద్దరిని అక్కడ పూడ్చిందట. ఒకరు దళం మనిషి, ఒకరు పోలీసు. ఆ రోజు దళంలో పోయింది మా నాన్నొక్కడే.

“మా నాన్నది ఏ కుప్ప అక్కా?”

“గది మాయమ్మ చెప్పలే.”

“అయితే ఇన్నేళ్ళూ ఆ పోలీసోడికి కూడా కొమ్మ ఏశావా?” అని అరిచాను.

“అవ్, ఏసిన. ఆయనకు గుడ ఇంటికాడ ఎవలో ఉండే ఉంటరు. జల్దీ ఎయ్యి, ఎండ ముదురుతాంది.”

పక్కనున్న చెట్టు నుంచి పచ్చికొమ్మ విరిచి మొదటి కుప్ప మీద పెట్టాను. కోపం చల్లారక, రెండోదాని మీదికి చేతికందిన ఎండుపుల్ల విసిరాను. అక్క దాన్ని తీసి అవతల పారేసింది.

“గీండ్ల మీ నాయనుంటే?”

నేను మళ్ళీ చెట్టు దగ్గరికి నడిచాను.