నడిమి గోడ

జనగామ స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న ఆ పాత గల్లీలో రూతు చేతి కుట్టు ఎరగని ఇల్లు లేదు. ఎవరింట్లో పిల్ల పుట్టినా మొదటి గౌను ఆమె కుట్టిందే, ఎవరింట్లో పెళ్లయినా జాకెట్లు ఆమె దగ్గరికి రావాల్సిందే. నోరు మాత్రం కొంచెం దురుసు. కుట్టించుకున్నాక బిగుతైందని తిరిగొచ్చిన వాళ్లను "బట్ట పెరగదు తల్లీ, జర తిండి తగ్గియ్యి" అని మొహం మీదే అనేది. అయినా వాళ్లు మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవారు. అట్లాంటి మనిషి ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి తన ఇంట్లోనే బిక్కుబిక్కుమంటూ తిరుగుతున్నది. కారణం ఒక గోడ.

ఆ గల్లీలో ఇళ్లను పాతకాలంలో ఒకదాన్నొకటి ఆనించి కట్టారు. రెండిళ్లకు మధ్య ఒకటే మట్టి గోడ. ఇటు ఇంటి దూలాలూ, అటు ఇంటి దూలాలూ దాని మీదే ఆనేవి. నడిమి గోడ అనేవారు దాన్ని. ఎవరిదని అడిగితే ఇద్దరూ మాదేననేవారు, పెచ్చులూడితే మాత్రం ఇద్దరూ మీదేననేవారు. రూతు కాపురానికొచ్చిన కొత్తలో ప్రతి ఏడూ క్రిస్మస్‌కు ముందు అత్తతో కలిసి ఆ గోడకు సున్నం వేసేది. అత్త ఊరికే సున్నం వేయనిచ్చేది కాదు. ముందు అరచేత్తో గోడంతా తడమాలి. ఎక్కడ గుల్లగా తగిలితే అక్కడ గీకి, గడ్డి కలిపి తొక్కిన ఎర్రమన్ను మెత్తి, అది ఆరాకే సున్నం. పండగ నాటికి రూతు చేతులు పగిలిపోయేవి. అత్తను లోలోపల తిట్టుకుంటూనే చేసేది.

అత్త పోయింది. గల్లీ కూడా మారిపోయింది. అరుగులు తీసేసి మెట్లు కట్టారు, నగిషీ తలుపులు పీకేసి షట్టర్లు పెట్టారు, గూనపెంకుల కప్పులున్న చోట అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. మిగిలిన పాత ఇళ్ల మట్టి గోడలకు సిమెంటు పూతలు పడ్డాయి. పక్కింటివాళ్లు కూడా నడిమి గోడకు తమవైపు సిమెంటు పూత పూయించుకున్నారు. బట్టలివ్వడానికి వచ్చే ఆడవాళ్లు రూతు ఇంట్లో మాత్రం చీరకు సున్నం అంటుతుందని గోడకు దూరంగా ఒదిగి నిలబడేవారు. అది చూసి రూతుకు తల కొట్టేసినట్టయ్యేది. మార్కెట్ యార్డులో హమాలీ పని చేసే మొగుడు ఐలయ్యను పోరి పోరి, తమవైపు కూడా సిమెంటు పూయించి, లేత గులాబీ రంగు వేయించింది. ఇక జన్మలో సున్నం ముట్టనని చేతులు దులుపుకుంది. ఆ తరువాత ఆ గోడను తడిమినవాళ్లు లేరు.

మొన్న ఎండాకాలంలో పక్కింటి ప్రదీప్ తన తాతలనాటి ఇల్లు కూలగొట్టించాడు. కింద సెల్లారు, ఆపైన దుకాణాలు, అన్నిటికీ మీద ఇల్లు. చెడ్డవాడేం కాదు. "మీకు అడ్డముంటదిలే వదినా" అని నడిమి గోడను ముట్టుకోనివ్వలేదు. కానీ కప్పు పోయాక గోడ నెత్తి ఆకాశానికి తెరుచుకుంది. పక్కనే సెల్లారు గుంత పడింది.

మొదటి వాన గట్టిగానే కొట్టింది. మర్నాడు పొద్దున రూతు మిషన్ తొక్కుతుంటే కాజీపేట వైపు రైలు పోయింది. ఆ చప్పుడు సద్దుమణిగాక గోడలో ఏదో రాలింది. చాటలోంచి బియ్యం జారినట్టు, సిమెంటు పూత వెనకాల, పైనుంచి కిందికి. రూతు పాదం మిషన్ మీదే ఆగిపోయింది. తలెత్తి చూస్తే గోడకు ఒక్క బీట కూడా లేదు. గులాబీ రంగు, మేకుకు బైబిలు వాక్యాల క్యాలెండరు, అంతే.

సాయంత్రం ఐలయ్య రాగానే చెప్పింది. "ఇగో, గోడల మన్ను రాలుతుంది. నా చెవులార ఇన్న."

ఐలయ్య వేళ్లు మడిచి గోడ మీద కొట్టాడు. ఖంగుమంది. "ఇనవడ్డదా? ఇనుప బీరువ లెక్క ఉన్నది. ఎలుకలు గావచ్చు."

"రైలు పోతేనే తిరిగే ఎలుకలు ఏడున్నయయ్యా?"

"నీకు ఊకె పరేషాన్" అని అతను కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

ప్రదీప్‌ను పిలిచి చూపించింది. అతనూ వేళ్లు మడిచి కొట్టాడు, అతనికీ ఖంగుమంది. "సిమెంటు గోడ వదినా, ఏంగాదు. మా పిల్లర్లు లేసినయంటే నీ ఇంటికి ఇంక బలం" అన్నాడు.

చిన్నప్పటి నుంచీ సిమెంటే చూశాడు, అతనికి అది సిమెంటు గోడే. రెండు పూతల మధ్యా మట్టి ఉందని, నెత్తి మీంచి దిగిన నీళ్లకు బయటికి దారి లేదని, అది లోపల్లోపలే బురదవుతున్నదని రూతుకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. చెబితే ఇల్లు ఉండడానికి పనికిరాదంటారు, ఖాళీ చేయమంటారు. మిషన్లన్నీ ఆ ముందు గదిలోనే. కుట్టు నేర్చుకునే పిల్లలు వచ్చేదీ అక్కడికే. బడులు తెరిచే రోజులు, యూనిఫాం గుడ్డ మూటలు దూలందాకా ఉన్నాయి. ఆ గది పోతే తన బతుకే పోతుంది. మళ్లీ కట్టుకునే తాహతు తమకు లేదు. పైగా సిమెంటు కావాలని పోరింది తానే, రంగు ఎంచిందీ తానే. ఊరందరినీ కడిగేసే నోరు ఆ ఒక్క మాట దగ్గర పెగల్లేదు.

భయం మాత్రం రోజురోజుకూ పెరిగింది. కిటికీ వెలుతురు కోసం మిషన్లన్నీ ఆ గోడ వెంబడే వేసి ఉండేవి. ఉక్కపోస్తున్నదని సాకు చెప్పి వాటిని అవతలి వైపుకు ఈడ్పించింది. పిల్లలు చీకటని గొణిగారు. అందరిలో ప్రియ మొండిది. లింగాల ఘనపూర్ దగ్గరి తండా నుంచి బస్సులో వచ్చే పిల్ల, చేతి పని చక్కగా చేస్తుంది. స్టూలు తెచ్చి మళ్లీ ఆ గోడకే వేసుకుని, వీపు ఆనించి గుండీలు కుట్టేది. రూతు కసిరితే లేచేది, అటు తిరగగానే మళ్లీ అక్కడే. పరాయి తల్లి కన్న బిడ్డ అక్కడ కూర్చుంటే రూతుకు ముద్ద దిగేది కాదు. అయినా నిజం చెప్పలేదు.

ముసురు తెరిపిచ్చిన రోజున ప్రియ గుండీ కుడుతూ, "అక్కా, గోడ ఎంత సల్లగున్నదో. వీపుకు నీళ్ల బింద ఆనినట్టుంది" అంది.

రూతు కత్తెర కింద పెట్టింది. దగ్గరికొచ్చి, అత్త నేర్పినట్టు అరచేయి పూర్తిగా ఆనించి తడిమింది. ఎన్నేళ్లయిందో అట్లా తడిమి. గోడ మంచులా ఉంది. నడుము ఎత్తున ముందుకు ఉబ్బింది. కంటికి కనబడని ఉబ్బు, చేతికి తెలిసింది. అప్పుడే అవతల గుంతలో జేసీబీ మొదలైంది. అరచేతి కింద గోడంతా వణికింది. లోపల జారుడు మొదలైంది, ఈసారి ఆగలేదు.

"ప్రియా, లే. బయటికి నడువు."

"గిదొక్క గుండీ అక్కా."

"లే అన్ననా! అందరు బయటికి! మూటలు ఇడిసిపెట్టుండ్రి!"

పిల్లలు బెదిరిపోయి గల్లీలోకి ఉరికారు. రూతు పక్క స్థలంలోకి పరుగెత్తి చేతులూపింది. జేసీబీ మీదున్న మంగ్యా ఇంజన్ మోతలోనే తల బయటపెట్టాడు. "ఆపు తమ్మీ! గది మట్టి గోడ!" అని అరిచింది. మంగ్యా గోడ వైపు చూశాడు, సిమెంటు. "ఏంగాదక్కా, దూరంకెల్లే తీస్తున్న" అని మళ్లీ బకెట్టు దించాడు. గుంత అవతల నిలబడ్డ ప్రదీప్ కూడా పర్వాలేదన్నట్టు చెయ్యి ఊపాడు.

రూతు ఇంట్లోకి తిరిగొచ్చింది. లోపలి మట్టి కళ్లబడితే తప్ప వాళ్లు ఆపరని మూల నిలబెట్టిన రోకలి తీసుకుంది. కొడితే ఇల్లు తన మీదే పడొచ్చు. భయంతో ఏడుస్తూనే గులాబీ రంగు మీద కొట్టింది. ఖంగుమంది. మళ్లీ కొట్టింది. మళ్లీ ఖంగుమంది. ఆ చప్పుడు మీద కసి పుట్టి, ఉబ్బు ఉన్న చోట బలమంతా పెట్టి పొడిచింది. పెద్ద పెచ్చు క్యాలెండరుతో సహా ఊడి పడింది. వెనకనుంచి ఎర్రటి బురద బుడబుడమంటూ గదిలోకి దిగింది.

చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన ప్రదీప్ గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. "వదినా... గిదేంది?"

"గిదే నీ సిమెంటు గోడ. ఆపమను!"

అతను అరుచుకుంటూ పోయాడు. రూతు రోకలి పడేసి గల్లీలోకి వచ్చి ప్రియ జబ్బ పట్టుకుంది. ఇంజన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో జారుడు అందరికీ వినబడింది. దూలం ఒకటి విరిగింది, ఆ వెనకే గూనపెంకులు. నడిమి గోడ తొందరపడకుండా గదిలోకి ఒరిగి కూలింది. దుమ్ము లేవలేదు, అంత తడిసి ఉంది. ప్రియ కూర్చునే స్టూలు ఎక్కడుందో కూడా కనబడలేదు. ఆ పిల్ల గుండీ సగం కుట్టిన చొక్కాను ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది.

కబురు విని ఐలయ్య మార్కెట్ నుంచి వచ్చాడు. జనాన్ని తోసుకుని వచ్చి, ఆకాశం కనబడుతున్న తన ఇంటిని చూశాడు. "ఎవలు పలగ్గొట్టిన్రు?"

"నేనే."

ఐలయ్య తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రూతు అతని పక్కనే రోడ్డు మీద కూలబడింది.

జనం మెల్లగా పలచబడ్డారు. గల్లీలో మిగిలిన పాత ఇళ్ల ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లోపలికి పోయారు. కాసేపటికి ఎదురింట్లోంచి చప్పుడు వచ్చింది, ఎవరో వేళ్లు మడిచి గోడ మీద కొడుతున్నారు. దాని పక్కింట్లోంచి, ఆ పక్కింట్లోంచి కూడా. ఎవరో "గట్టిగనే ఉన్నది, దేవుని దయ" అన్నారు. రూతు లేచి నిలబడింది. గల్లీ పొడుగునా ప్రతి గోడా ఖంగుమంటూనే ఉంది.