శనివారం చాయ్ దగ్గర చెప్పని తప్పు

మా పక్కింట్లో వంటగది పని నడుస్తోంది. పొద్దున్నుంచి రాయి కోసే మిషన్ ఒకటే గోల. చప్పుడుకు తలుపు వేసుకోవచ్చు గానీ, తడిసిన గ్రానైటు పొడి వాసన కిటికీలోంచి వస్తూనే ఉంది. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు యాకూబ్ భాయ్ గుర్తొస్తారు. కరీంనగర్ బైపాస్ పక్కన గ్రానైటు షెడ్డు ఆయనది. పాలిటెక్నిక్ ముగించి, ఇళ్లకు వెళ్లి కొలతలు తీసే పనిలో నేను మొదట చేరింది అక్కడే. ఆయన నాకు పని నేర్పారు. దానికన్నా కష్టమైన విద్య ఇంకొకటీ నేర్పారు.

శనివారం సాయంత్రం మిషన్లు ఆపించి అందరికీ చాయ్ తెప్పించేవారు. ఆ వారంలో చేసిన పిచ్చి తప్పు ఒకటి ప్రతివాళ్లూ చెప్పాలి. అందరికన్నా ఎక్కువ నవ్వించినవాళ్లకు బిస్కెట్లు రెండు ఎక్కువ. ముందు ఆయనే మొదలుపెట్టేవారు. ఆ వారం ఏమీ లేకపోతే పాతది బయటికి తీసేవారు.

"నేనొకపారి పక్కింట్లకు పోయి కొలతలు తీసుకున్న. గా ఇంటాయన కుర్చీ ఏసి చాయ్ గూడ పోసిండు. ఆయన ఇంకెవల్నో రమ్మన్నడట! రాయి కోసి తీస్కపోయినంక ఎరుకైంది, గా ఇల్లు మనం పోవాల్సింది గాదని."

నా వంతు వస్తే "నాకేం లేవు భాయ్" అనేదాన్ని. అబద్ధమే. షెడ్డులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. నోరు తెరిచి తప్పు చెప్పుకుంటే, ఆడపిల్లకు టేపు పట్టడం ఏమొస్తుందంటారేమోనని నా భయం. ఆయన కళ్లు చికిలించి చూసి, "అయితే నువ్వు పనే చేస్తలేవు బేటీ" అని ఊరుకునేవారు. నాకు ఒళ్లు మండేది.

ఒకసారి రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఇంటికి కొలతలకు వెళ్లాను. పొయ్యి గట్టు వచ్చే గోడకు ఎదురుగా నిలబడి బొమ్మ గీయాలి. నేనేమో ఎండన పడి వచ్చిన అలసటలో ఆ గోడకే వీపు ఆనించి గీశాను. ఎడమ కాస్తా కుడి అయి కూర్చుంది. ఆ కాగితం చూసి లచ్చన్న రాయి కోశాడు. మా షెడ్డులో అందరికన్నా పాత పనివాడు, వెంట్రుకవాసి తేడా రానివ్వడు. తీరా రాయి పరిస్తే నల్లా ఒక మూల, సింకు కోసం కోసిన రంధ్రం ఇంకో మూల. ముందు అంచు గుండ్రంగా నునుపు చేసేశారు కాబట్టి తిప్పి వేసే వీలు కూడా లేదు. టీచరమ్మ నాలుగు ఊళ్లు తిరిగి ఏరుకున్న రాయి అది.

"కోసినోన్ని ఇంకోపారి నా ఇంట్ల అడుగు వెట్టనియ్యకుండ్రి" అందామె.

లచ్చన్న వచ్చి కాగితం వెతికాడు. మిషన్ నీళ్లకు అది తడిసి ముద్దయిపోయింది. దాని ఫొటో నా ఫోన్‌లో ఉంది. చాటుకు వెళ్లి చూసుకున్నాను. తప్పు నాదే. అయినా నోరు మెదపలేదు.

శనివారం వచ్చింది. లచ్చన్న చాయ్ గ్లాసు పట్టుకుని లేచాడు. "గీ వారం బిస్కెట్లు నాకే. బిడ్డ సక్కగనే గీసిచ్చింది, నేనే ఉల్టా కోసిన. కండ్లు పోతున్నయేమో! సోమారంసంది మిషన్ ఇంకెవలికన్న ఇయ్యి భాయ్." అందరూ నవ్వారు. అతనూ నవ్వుతూనే తన అరచేతులు రెండూ చూసుకున్నాడు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"లచ్చన్న తప్పు కాదు భాయ్, నాదే" అని ఫోన్ తీసి చూపించాను. ఎలా నిలబడి గీశానో కూడా గోడకు ఆనుకుని చేసి చూపించాను.

యాకూబ్ భాయ్ ఫొటో చూశారు, నన్ను చూశారు. "గింత సదువు సదివి గోడకు ఒరుగుడే నేర్చినవా బేటీ!" అని పగలబడి నవ్వారు. షెడ్డంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, దానితోపాటే ఏడుపూ వచ్చింది. కాసేపాగి ఆయన లేచారు. "నవ్వుడు అయిపోయింది. ఇగ నడువు, టీచరమ్మకు గూడ నువ్వే చెప్పాలె."

ఆమె అరగంట తిట్టింది. భాయ్ నా పక్కనే నిలబడి ఆ తిట్లు తనూ తిన్నారు తప్ప, నా బదులు ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టడం అయ్యాక ఆమె ఇంకో రాయికి ఒప్పుకుంది. అది లచ్చన్నే కొయ్యాలని పట్టుబట్టింది.

సోమవారం మిషన్ ముందు నిలబడి లచ్చన్న నాతో ఒకే మాటన్నాడు. "గీ దినాలన్ని నా చేతుల మీద నాకే నమ్మకం లేకుండె బిడ్డా." తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

యాకూబ్ భాయ్ ఇప్పుడు లేరు. నిర్మల్‌లో నాకు సొంత షెడ్డు ఉంది. శనివారం చాయ్ దగ్గర ముందు నా తప్పే చెబుతాను, ఏ వారమూ కరువు రాలేదు. అందరితోపాటు కడుపుబ్బా నవ్వుతాను కూడా. కానీ పనివాళ్లలో ఎవరైనా "నాదే తప్పు కావచ్చు" అంటూ తన చేతులు తాను చూసుకుంటే మాత్రం నాకు నవ్వు రాదు. ముందు నేను గీసిచ్చిన కాగితం తీసి చూసుకుంటాను.