సీతాఫలం మొక్కు

బియ్యం డబ్బాలో పెట్టిన సీతాఫలాలు మగ్గాయి. ఆ వాసనకు ఈ ఉదయం నాకు కుదురు లేదు.

చిన్నప్పుడు, నాందేడ్ రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో, కాలు సరిగా లేక నేను బడికి వెళ్లలేదు. నాన్నే, అంటే మా బాపే, ఇంట్లో చదువు చెప్పేవాడు. ఒకరోజు ‘ఫ్రూయిషన్’ అనే ఇంగ్లీషు మాట రాయించాడు.

“ఎన్నాళ్లసందో కోరుకున్నది నెరవేరుడు, బిడ్డా. ఒక వాక్యం రాయి.”

నేను కోరుకున్నది నడవడం. అది నెరవేరలేదు, ఏం రాయను? పెన్సిల్ కొరుకుతూ, పక్కనున్న బియ్యం డబ్బాలో సీతాఫలాలను మాటిమాటికీ నొక్కి చూశాను. పండితే అన్నీ నాకే. అమ్మ ఎప్పుడూ ముట్టేది కాదు, ఆమెకు పడదనుకునేదాన్ని.

రెండేళ్లకు, మళ్లీ ఆ పండ్ల కాలంలోనే, గోడ పట్టుకోకుండా వంటింటిదాకా నడిచాను. అమ్మ దేవుడికి దండం పెట్టి, ఒక పండు విప్పి గబగబా తినేసింది.

“నీకు పడదు గదా అమ్మా!” అని అరిచాను.

“పడకపోవుడేంది! నువ్వు నడిచేదాక ముట్టనని మొక్కింది,” అన్నాడు బాపు. పాత నోటుబుక్కు తెచ్చాడు. “ఇగ రాయి వాక్యం.”

“జర ఆగుండ్రి,” అంది అమ్మ, గింజలు ఊస్తూ. “ముందుగాల బిడ్డను ఇంకో పండు తెచ్చిపెట్టమనుండ్రి, నడుచుకుంట.”

నోటుబుక్కులో ఆ మాట పక్కన ఇప్పటికీ ఖాళీయే. ఈ ఉదయం కూడా, దేవుడి దయవల్ల నడిచి వెళ్లి, మొదటి పండు అమ్మ చేతిలో పెట్టాకే కుదురుగా కూర్చోగలిగాను.