మొహం లేని పెట్టె

మా ఊరి బడి తాళంచెవి నా కొంగునే ఉంటది. మా ఆయన పోయాక ఊళ్లోవాళ్లు జాలిపడి ఇప్పించిన పని ఇది, బడి ఊడవడం, బల్లలు తుడవడం. సంతకం పెడతా. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటా. అంతే నా చదువు. అందుకని ఆ పెట్టె గురించి చెప్పేదంతా నేను కంటితో చూసిందీ, మాస్టారు నోటివెంట విన్నదీ.

మాది చిన్న బడి, ఒక్కరే మాస్టారు. పిల్లలు తగ్గారని, బడి ఎత్తేసి హైరోడ్డు అవతల పెద్దబళ్లో కలుపుతారని మాట పుట్టింది. నాకు అన్నం సయించలేదు. నా మనవరాలు మా బళ్లోనే మూడో తరగతి. మా అమ్మాయి తెల్లారకముందే కూలికి పోతా దాన్ని నా దగ్గర వదిలేది.

"బడి పోతే దాన్ని నా వెంట మిరపకాయ కోతకి తీసుకుపోతానమ్మా," అంది మా అమ్మాయి. "ఆ లారీల రోడ్డు దాన్ని ఒక్కదాన్నే దాటమంటావా?"

మిర్చి యార్డుకి పోయే లారీలు ఆ రోడ్డు మీద ఎట్టా పోతయ్యో నాకు తెలవదా?

మాస్టారు ఒక ఉపాయం చేశారు. అద్దంకిలో ఏదో కాలేజీవాళ్లు పనికిరావని పక్కన పడేసిన కంప్యూటర్లు అడిగి ఆటోలో వేసుకొచ్చారు. వాటి కడుపులు విప్పి, దీంట్లోది దాంట్లో పెట్టి, ఒక నల్ల పెట్టె తయారు చేశారు. సర్వరు అన్నారు. చుట్టుపక్కల ఊళ్ల బళ్లన్నిటికీ పాఠాలు, బొమ్మలు, పరీక్షలు దీంట్లోంచే పోతయ్యంట. మా బడి కాలవకట్ట మీద ఎత్తులో ఉంది గదా, డాబా మీద గొట్టం పాతి దానికి పళ్లెంలాంటిది బిగించారు. అక్కణ్ణించి గాల్లోనే అందుతయ్యంట.

"మరి లోపల నడిచేదో? అది కొనాలి గదండీ?" అన్నా.

"కొనక్కర్లేదమ్మా. ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు ఎవరైనా వాడుకోండి, కావాలంటే మార్చుకోండి అని వదిలేశారు."

"ఊరికే ఎవరిస్తారండీ ఈ రోజుల్లో?"

"మీరు నారు ఇవ్వరా?"

ఇస్తాం. మిరపనారు మా మడిలో మిగిలితే పక్కచేను వాళ్లని పిలిచి పీక్కుపొమ్మంటాం. దాన్ని ఎవరు అమ్ముకుంటారు? ఆ మాటతో నాకు ఆ పెట్టె మా మడిలోదే అనిపించింది.

"ఇది ఇక్కడుంటే మన బడిని ఎవరూ కదపలేరమ్మా," అన్నారాయన. నేనా మాట పట్టుకున్నా. కల్లాల్లో కాయలు ఎండబోసిన రోజుల్లో కారం దుమ్ము లేచి ఆ పెట్టె ఫ్యానులో దూరుద్ది. మెత్తటి కుంచె ఒకటిచ్చి ఎట్టా దులపాలో చూపించారు. తుమ్ముకుంటా, కళ్లు తుడుచుకుంటా దులిపేదాన్ని. కరెంటు పోతే బ్యాటరీ మీట వెయ్యడం కూడా నేర్పారు.

బోరింగు కాడ ఆడోళ్లు ఊరుకుంటారా? "ఏమే, నీ సర్వరుగారు టిఫిను చేశారా?"

"చేశారే. మీ ఆయన మాదిరి వంక పెట్టకుండా పడున్నారు," అన్నా. బిందెలు వదిలేసి నవ్వారు.

పిల్లలకి పలకలంతేసి ట్యాబులు ఇచ్చారు. మా పిల్ల దాంట్లో ఎక్కాలు నేర్చింది, గుణకారం నేర్చింది. భాగాహారం మొదలెట్టింది. ఇంతలో కోతలొచ్చినయ్.

కోతలొస్తే మా ఊళ్లో సగం ఇళ్లకి తాళాలే. పిల్లలు కూడా తల్లుల వెంట చేలోనే. సరిగ్గా అప్పుడే పైనుంచి ఆఫీసరుగారు వచ్చారు. బల్లలన్నీ ఖాళీ. నేను పొద్దున తుడిచిన తుడుపు అట్టాగే మెరుస్తా ఉంది, దాని మీద ఒక్క చెయ్యి కూడా పడలా.

"కోతలండీ. అయిపోతే వచ్చేస్తారండీ," అన్నారు మాస్టారు.

"ఏటా కోతలే గదా మాస్టారూ," అన్నాడాయన. కోపంగా కాదు, పాపం మామూలుగానే అన్నాడు. తర్వాత పెట్టె గదిలోకి వచ్చి అంతా చూసి, "బ్రహ్మాండంగా ఉంది. ఎంత తక్కువలో చేశారండీ!" అని మాస్టారి భుజం తట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. బయటికి పోతా డాబా మీదికి చూసి, "దీన్ని మాత్రం ఇక్కణ్ణించి కదపొద్దు. పళ్లేనికి ఇంత ఎత్తు ఇంకెక్కడా దొరకదు," అన్నాడు.

పెట్టెని కదపలా. పిల్లల్ని కదిపారు.

మాస్టారు పెద్దబడికి పోయారు, ట్యాబులు పోయినయ్, బల్లలు ట్రాక్టరు మీద పోయినయ్. పోయేరోజు మాస్టారు నా మొహం చూడలేకపోయారు. "పిల్లలకి ఆటో పెడతారంటమ్మా," అని మాత్రం అన్నారు. పెట్టారు. కొన్నాళ్లు వచ్చింది, తర్వాత మానేసింది. ఎవర్ని అడిగినా పైకి రాశాం అంటారు.

నేనే పిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిద్దామంటే, బడి పెట్టే వేళకి పెట్టెకి కాపలాగా నేను ఇక్కడుండాలి. ఆ వేళకే కరెంటు పోద్ది మాకు. మీట వెయ్యకపోతే అన్ని ఊళ్ల పిల్లలకీ పాఠం ఆగిపోద్ది. పని మానేద్దామంటే తినేదేంది? మా అమ్మాయి అన్నంతపనీ చేసింది. పిల్ల ఇప్పుడు కాయకోతలోనే ఉంది.

ఇవాళ సాయంత్రం చేలోంచి నేరుగా నా దగ్గరికొచ్చింది. చేతులు మంటలని ఒకటే ఏడుపు. కొబ్బరినూనె రాసి పెట్టె పక్కన కూర్చోబెట్టా. దాని దీపాలు మిణుకుమిణుకుమంటన్నయ్. ఆవలి ఊళ్లో మాస్టారు ఇంకా ఎవరికో చెబుతున్నట్టున్నారు.

"అమ్మమ్మా, భాగాహారం ఇందులో ఉందా?"

"అన్నీ ఇందులోనే ఉన్నయ్యంటమ్మా."

"పెట్టవే చూస్తా."

దానికి మొహం లేదు. టీవీకి ఉన్నట్టు అద్దం లేదు, బొమ్మ పడదు. పాఠం చూడాలంటే ట్యాబు కావాలి, మా ఇంట్లో ఉంది బొత్తాల ఫోను. తాళం నా కొంగునే ఉంది, కుంచె నా చేతిలోనే ఉంది. పెట్టెని అటు తిప్పి చూశా, ఇటు తిప్పి చూశా. పిల్ల నూనె చేతులు ఎక్కడా తగలకుండా పైకెత్తి పట్టుకుని, ఆ దీపాల వంక చూస్తా కూర్చుంది.

"రేపు మాస్టార్ని అడుగుతాలే," అన్నా.

రేపు కూడా దానికి కోతే.