‘ఏ?’ అని అడిగే మిషను

మానుకోట నుంచి భూపాలపల్లి పోతున్నాను. పనేమీ లేదు, బొగ్గు ఊరును చూసి చాన్నాళ్లయింది, అంతే. గూడూరు దాటగానే బస్సు టైరు పోయింది. అందరం దిగి నీడకు చేరాం. నా పక్కన ఒకమ్మాయి చేతిలో లెక్కల మిషను పట్టుకొని దాంతో కొట్లాడుతున్నది.

“ఏ అంటవా? ఆగు, చెప్తా.”

“ఎవర్నమ్మా?” అన్నాను.

“దీన్నే బాపూ. భుజం ఎంత అని అడగనీకి దీనికి మాటలు రావు. ఒక్కటే అక్షరం. ‘ఏ?’ అంటది. చెప్తే ‘బీ?’ అంటది. ఆఖర్ల ‘సీ?’ అంటది. మా అబ్బాకు చూపిస్తే, ముందు ‘ఏయ్’ అని పిలిచి ఆఖర్ల ‘ఛీ’ అనేదాన్ని ఇంట్ల ఎందుకు పెట్టుకున్నవే అన్నడు.”

పేరు ఉజ్మా. ఊరు జనగామ. తండ్రి బాబామియా తాపీమేస్త్రీ. ఆయన కట్టిన గోడల పక్కన ఆడుకుంటూ పెరిగి, పాలిటెక్నిక్ చదివి, ఇప్పుడు ఊరూరా భూములు కొలుస్తున్నది. త్రికోణం మూడు భుజాలు చెప్తే విస్తీర్ణం గుంటల్లో చూపేలా ఆ మిషనులోకి తనే లెక్క ఎక్కించుకుంది. చోటు బహు తక్కువట, ఒక్కో మెట్టు కొట్టేస్తూ కుదించాల్సి వచ్చిందట. పొరపాటున రీసెట్ నొక్కితే అంతా మాయం. “లెక్క ఎక్కించుకునే మిషనని పరీక్ష హాల్లకు రానియ్యలే. పొలాలల్లకు మాత్రం అందరు రానిస్తున్నరు,” అని నవ్వింది.

ఆమె కొలవాల్సిన చేను పక్క తండాలోనే ఉంది. టేపు పట్టే మనిషి ఆ రోజు రాలేదు. “బాపూ, బస్సు ఇప్పట్ల కదలదు. జర టేపు పట్టుకుంటరా?” అంది. దేశదిమ్మరికి ఇంతకన్నా మంచి పిలుపు ఏముంటుంది?

తండాలో జాల్యా, అతని అక్క రుక్కి మాకోసం ఎదురుచూస్తున్నారు. మొగుడు పోయాక రుక్కి పుట్టిన తండాకే తిరిగొచ్చింది. తండ్రి చేనులో సగం ఇస్తానని జాల్యా అందరి ముందు ఒప్పుకున్నాడు, కానీ ఒక మాట కలిపాడు. “ఇయ్యాల లెక్క తేలితే సగం నీది. తేలకపోతే మళ్ల నన్ను అడగొద్దు.”

చేనుకు నాలుగు మూలలు, నాలుగూ వంకరే. మూల నుంచి మూలకు అడ్డంగా టేపు పట్టి రెండు త్రికోణాలు చేయాలి. నేను ఈ కొన పట్టుకున్నాను. ఆ కొనన జాల్యా గజాలు చదువుతున్నాడు. మొదటి అంచు యాభై తేలితే “పచాస్!” అని అరిచాడు. ఉజ్మా ముఖం వెలిగిపోయింది. “కాకా, మీ లెక్క మా లెక్క ఒక్కటే!” ఉజ్మా ఇంట్లో మాట దక్కనీ ఉర్దూ, జాల్యా వాళ్లది లంబాడీ. అంకెలు చుట్టాలని తెలిశాక ఇద్దరూ తెలుగును గట్టున పెట్టేశారు. నాకూ ముచ్చటేసింది.

మొదటి త్రికోణానికి గుంటలు వచ్చాయి. రెండోదానికి గుంటల బదులు తెర మీద ‘ఎర్రర్’ అని పడ్డది.

“చూసినవా అక్కా? మిషను గూడ ఇయ్యనంటున్నది,” అన్నాడు జాల్యా. సగం పరాచికం, సగం ఆశ. రుక్కి గట్టు మీద కూలబడింది.

“గిది బొమ్మ గీసే మిషను కాదు. గీస్తే తప్పు కంటికి కనపడేది,” అని ఉజ్మా పుల్ల తీసుకొని మట్టిలో తనే గీసింది. ఒక అంచు నలభై, ఒకటి నూట యాభై, అడ్డం కొలత నూటేడు. “నలభై, నూటేడు కలిపినా నూట యాభై కావు. గీ రెండు గీతలు ఒకదాన్నొకటి అందుకోవు. కాకా, అడ్డం ఎంతన్నరు?”

“ఏక్ సౌ సాట్.”

“సాతా, సాటా?”

“సాట్ అంటే సాటే బేటీ! అరవై!”

“యా అల్లా! గాలికి నాకు ‘సాత్’ అని ఇనపడ్డది. ఏడు!”

ఫక్కున నవ్వి, అంతలోనే నవ్వు ఆపేసింది. “మొదటి త్రికోణంల గూడ గదే నూటేడు కొట్టిన బాపూ. కిక్కురుమనకుండ మింగింది. కుదిరేదైతే ఒప్పుకుంటది. నిజమా కాదా, దానికేం ఎరుక?”

నేను జీవితమంతా పుస్తకాలు మోసుకు తిరిగాను. కుదరని చోట ఆగి, కుదరదని చెప్పినవి వాటిలో కొన్నే. అరచేతిలో పట్టే ఈ మొండి మిషను ఆ ఒక్కమాట అనకపోతే రుక్కి తప్పు హద్దు మీద కాపురం పెట్టేది. నమస్కారం పెట్టాలనిపించింది.

మళ్లీ కొలిచాం, ఈసారి తెలుగులో. “నూట అరవై!” అని నేనూ గొంతు కలిపాను. రెండు త్రికోణాలకూ గుంటలు వచ్చాయి. ఉజ్మా సగం దగ్గర హద్దు చూపింది. జాల్యా తల గోక్కొని, “మిషనే ఒప్పుకున్నంక నేనెవర్ని,” అంటూ రాయి మోసుకొచ్చాడు. పాతడానికి వంగితే రుక్కి అతని చేతిలోంచి గడ్డపార లాక్కొని గుంత తనే తవ్వింది.

రాయి నిలబడ్డాక చెంబుతో నీళ్లు తెచ్చి ముందు ఉజ్మాకు, తర్వాత నాకు ఇచ్చింది. “దీనికేం పెట్టాలె బిడ్డా?” అని మిషనును చూపింది.

“దానికి సెల్లు చాలు అవ్వా.”

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. నాకు వేరే భాగ్యం ఏం కావాలి, ఒక రాయి నిలబడుతుంటే చూశాను. ఆ మాట ఉజ్మాకు చెబుదామని తిరిగాను.

ఆమె అప్పటికే ఇంకో చేను కొలవడానికి గట్టు వెంట అవతలి తండా వైపు పోతున్నది. మిషనులోంచి తల ఎత్తలేదు. “ఏ అంటవా? ఉండు, ఈసారి తెలుగుల చెప్తా,” అంటున్నది దాంతో.