ఎండకి వదిలిన కాగితం

మా పక్కింటి డ్రాయింగు టీచరుగారు పోయారు. గురువారం మధ్యాహ్నం మూడింటికి రోజూలాగే మజ్జిగ పట్టుకెళ్ళాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. "టీచరుగారండీ" అని రెండుసార్లు పిలిచాను. నిద్రలో ఉన్నారేమో, లేపితే తలనొప్పి వస్తుందేమో అని గుమ్మంలోనే కాసేపు నిలబడ్డాను కూడా. ఆ నిలబడ్డం నన్నింకా వదల్లేదు.

ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా కలిసి ఆవిడ బొమ్మలతో ఒక పుస్తకం వేస్తున్నారు. వాళ్ళలో బ్యాంకు ఉద్యోగం చేసే అమ్మాయి వచ్చి, "మామ్మగారండీ, పాతికేళ్ళు ఒకే గోడకి అటొకరూ ఇటొకరూ ఉన్నారు. మీరూ నాలుగు ముక్కలు రాయండి" అంది. నేను నాలుగో తరగతితో ఆపేసినదాన్ని. నావల్ల కాదమ్మా అని పంపేశాను. మూడు రోజులు అన్నం సయించలేదు. మళ్ళీ నేనే కబురు పెట్టాను, రాస్తానని. ఎందుకు మనసు మార్చుకున్నానో కింద చెప్తాను. ముందే చెప్తే మిగతాది ఎవరూ చదవరేమోనని భయం.

టీచరుగారు మా ఏలూరులోనే మిషను స్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయినా పిల్లలు ఆవిణ్ణి వదల్లేదు. పిల్లలంటే పిల్లలేం కాదు, తలలు నెరిసినవాళ్ళే. తాడేపల్లిగూడెంలో షాపులకి బోర్డులు రాసే ఆయన ఒకడు. పెంటపాడు నుంచి వరి పండించే రైతుగారొకరు, ఈయనకి యాభై దాటాక బొమ్మల పిచ్చి పట్టిందట. తర్వాత ఈ బ్యాంకు అమ్మాయి. ఏటా మే నెల రెండో శనివారం, బ్యాంకుకి సెలవు కాబట్టి, అందరూ వ్యాను మాట్లాడుకుని కొల్లేటికోట వైపు వెళ్ళేవారు. అక్కడి చేపల చెరువుల గట్ల మీద కూర్చుని బొమ్మలు వేసుకుని సాయంత్రానికి తిరిగొచ్చేవారు.

మే నెలలో! అందరూ తలుపులేసుకుని తడిగుడ్డ కట్టుకుని పడుకునే రోజుల్లో! మొదటి రెండేళ్ళూ నేను ఇంట్లో కూర్చుని గడియారం చూసుకుంటూ చచ్చాను. ఎండదెబ్బ తగిలిందేమో, వ్యాను చెరువులో పడిందేమో, పాము కరిచిందేమో అని. మూడో ఏడు నేనే వ్యానెక్కేశాను. ఇంట్లో ఉండి భయపడేకంటే పక్కనుండి భయపడ్డం నయమనిపించింది.

నా సామాను వాళ్ళ సామానుకంటే ఎక్కువుండేది. రెండు కూజాల నీళ్ళు, క్యారేజీ నిండా పెరుగన్నం, మజ్జిగ, గొడుగు, గాయాల మందు. ఇవికాక మనిషికో ఉల్లిపాయ. వడదెబ్బ తగలకుండా దగ్గర పెట్టుకోవాలని మా అమ్మ చెప్పేది. చెప్తే వినరని వాళ్ళ సంచుల్లో నేనే పడేసేదాన్ని. రైతుగారు కుంచె కోసం చెయ్యి పెడితే ఉల్లిపాయ వచ్చేది.

"ఏవండీ అక్కయ్యగారూ, బొమ్మలెయ్యడానికొచ్చామా, పకోడీ బండి పెట్టడానికొచ్చామా?" అనేవాడాయన.

"ఉంచుకోండి బాబూ, మీకేం బరువు?"

"బరువని కాదండీ, పోయినేడు బొమ్మ ఇంటికి తీసుకెళ్తే మా ఆవిడ వాసన చూసి, కొల్లేరు ఇలా కంపు కొడుతుందా అందండీ."

టీచరుగారు మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. తన ఉల్లిపాయ తీసి కాగితం ఎగిరిపోకుండా దాని మీద బరువు పెట్టేవారు. "పనికొచ్చింది చెల్లెమ్మా" అనేవారు. అది నన్ను మెచ్చుకోవడమో ఊరుకోబెట్టడమో నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఆవిడకి తాటాకు టోపీ, కాన్వాసు బూట్లు, మడత స్టూలు. కూర్చునే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. తర్వాత గాజు సీసా తీసుకుని స్వయంగా గట్టు దిగి చెరువు నీళ్ళు ముంచుకొచ్చేవారు. కొల్లేరు బొమ్మకి కొల్లేరు నీళ్ళే పట్టాలని ఆవిడ పట్టుదల. పైగా కుంచె మొన సన్నగా రావడానికి నోట్లో పెట్టుకుని తడిపేవారు. ఆ నీళ్ళలో చేపల మందులు కలుస్తాయి కదండీ! నేను గుండెలు బాదుకునేదాన్ని. ఒక ఏడు ఎవరూ చూడకుండా ఆ నీళ్ళు పారబోసి, ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళు సీసాలో పోశాను. ఆవిడ కుంచె నోట్లో పెట్టుకుని నావంక చూశారు. "చెల్లెమ్మా, ఈ కొల్లేరు మీ వంటింట్లోంచి వచ్చిందే" అన్నారు. అందరూ పడీపడీ నవ్వారు. ఆవిడ లేచి, మళ్ళీ గట్టు దిగి, మళ్ళీ ముంచుకున్నారు.

నేను గొడుగు పట్టుకుని ఆవిడ వెనక నిలబడేదాన్ని. "నీడ కాగితం మీద పడుతోంది, వెనక్కి" అనేవారు. వెనక్కి జరిగితే గొడుగు నీడ ఆవిడ మీద కూడా పడేది కాదు. ఎండలో నేనూ, ఎండలో ఆవిడా, మధ్యలో ఎవరికీ పనికిరాని నీడ.

బోర్డులు రాసే ఆయనది గట్టి చెయ్యి. అక్షరం గీసినట్టే దోనె గీసేవాడు, రెండు కొసలూ సమానంగా. టీచరుగారు చూసి, "దోనెకి రెండు కొసలుంటాయని నీకు తెలుసు నాయనా. ఇక్కణ్ణించి ఒకటే కనిపిస్తోంది. రెండోదాన్ని ముందున్న కిక్కిస గడ్డికి వదిలెయ్" అన్నారు. ఆయన చెరిపి మళ్ళీ గీశాడు. ఫ్లెక్సీలొచ్చి బోర్డుల పని పోయిన ఏడు కూడా ఆయన మానకుండా వచ్చాడు. ఏడాదికి ఆ ఒక్క రోజే కదండీ నన్ను ఒకళ్ళు పేరు పెట్టి పిలిచి బొమ్మెయ్యమనేది అనేవాడు.

ఒకసారి నేనడిగాను. "ఇన్ని రంగులున్నాయి కదా, మరి ఎండకి ఏ రంగేస్తారండీ?"

"ఎండకి రంగెయ్యం. కాగితం అలా వదిలేస్తాం. చుట్టూ నీడలు వేసుకుంటూ పోతే వదిలిన చోటే ఎండ అవుతుంది."

తర్వాత నేను ఆవిడ బొమ్మల్లో ముందుగా ఏమీ వెయ్యని చోటే వెతికేదాన్ని. దోనె వీపు మీద ఒక గీత. నీళ్ళమీద బియ్యపు గింజల్లాంటి తునకలు. నిజంగానే ఎండ కొట్టేది కళ్ళలో.

ఇక ఈ ఏటి సంగతి. ఏప్రిల్లో టీచరుగారు స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడ్డారు. గుండె బలహీనంగా ఉందని, ఎండలో తిరగొద్దని డాక్టరు చెప్పాడు. అత్తిలి నుంచి ఆవిడ మేనకోడలు వచ్చి వారం ఉండి, వెళ్ళేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకుంది. "పిన్నిగారండీ, ఆవిడ నా మాట వినరు. ఎండలోకి మాత్రం పంపకండి. మీమీద పెట్టి వెళ్తున్నా" అంది. సరేనన్నాను. అది కాగానే టీచరుగారు బోర్డులాయనకి ఫోను చేసి, రెండో శనివారం మామూలే, వ్యాను చెప్పేయ్ అన్నారు.

శుక్రవారం సాయంత్రం ఆవిడ బీరువాలోంచి ఒక మందపాటి కాగితం తీశారు. ఎన్నాళ్ళనుంచో దాచుకున్నది. దాన్ని తడిపి చెక్కకి నాలుగువైపులా జిగురు పట్టీ అంటించి గోడకి ఆనించారు. ఆరాక వేలితో కొడితే డప్పులా మోగింది. "ఇది ఒక్కటే మిగిలింది చెల్లెమ్మా. దీనిమీద తప్పు చెయ్యకూడదు" అన్నారు. నాకు అన్నీ వినపడుతున్నాయి, ఒక్కటీ తలకెక్కట్లేదు. రేపు గట్టుమీద ఈవిడ పడిపోతే నేనేం చెయ్యాలి, ఎవరికి ఏం జవాబు చెప్పాలి, ఇదే.

వాళ్ళింట్లో ప్లగ్గు పాడై, ఆవిడ ఫోను మా ఇంట్లో చార్జింగు పెట్టేవారు. ఏడింటికి అది మోగింది. బోర్డులాయన.

"పిన్నిగారండీ, టీచరుగారికి చెప్పండి, ఆరింటికల్లా వ్యాను గుమ్మంలో ఉంటుంది."

నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. "ఈ ఏడు రారంట నాయనా. ఓపిక లేదంట. కొన్నాళ్ళు ఇటు ఎవరూ రావద్దన్నారు, పడుకుంటారంట."

"అదేంటండీ, మొన్న ఆవిడే కదండీ..."

"నాకేం తెలుసు నాయనా, చెప్పమన్నారు."

"సరేనండీ. జాగ్రత్తగా చూస్కోండి ఆవిణ్ణి" అని పెట్టేశాడు. నేను ఆ మాట గోడవతల చెప్పలేకపోయాను. చెప్దామని రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ కందిపప్పు అడిగి తెచ్చుకున్నాను.

తెల్లారి ఆవిడ టోపీ పెట్టుకుని, బూట్లు వేసుకుని, చెక్క ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుని ఉన్నారు. ఆరయింది. ఆరున్నరయింది. వీధి మలుపులో ఏ బండి చప్పుడైనా తలెత్తి చూస్తున్నారు. ఇక చూడలేక వెళ్ళి చెప్పాను, వ్యాను పాడైందట, ఈ ఏటికి మానుకున్నారట అని.

నా మొహం చూశారు. "పోన్లే. వాళ్ళకీ పనులుంటాయిగా" అన్నారు. బూట్లు మాత్రం విప్పలేదు.

పదింటిదాకా అలాగే ఉన్నారు. సీసాలో నీళ్ళు అడిగితే తెచ్చిచ్చాను, ఈసారి కుళాయి నీళ్ళని ఏమీ అనలేదు. కుంచె ముంచారు. నోట్లో పెట్టి మొన తీశారు. కాగితం దాకా తీసుకెళ్ళి ఆపేశారు. వరండాలోకి ఎండ వచ్చి ఆవిడ పాదాల మీద పడింది. లోపలికి రమ్మన్నాను.

"ఉండనీ. నేను అంతదూరం వెళ్ళలేదని తనే వచ్చింది" అన్నారు.

అంతే. పన్నెండో రోజుకి, నీడపట్టున, ఫ్యాను కింద, మంచం మీద పోయారు. ఎండ అక్కడికి రాలేదు. నేను రానివ్వలేదు. అయినా వెళ్ళిపోయారు. గట్టుమీదైతే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆరోజే పోయేవారో, మరో నాలుగేళ్ళు బతికేవారో, ఎవర్ని అడగాలి? డాక్టర్ని అడిగాను. ఎలాగైనా జరగొచ్చమ్మా అన్నాడు. ఆ మాటతో నేనేం చేసుకోను?

ఆ పన్నెండు రోజులూ ఆవిడ వాళ్ళలో ఒక్కరికీ ఫోను చెయ్యలేదు. నా మాట నమ్మి వాళ్ళూ ఎవరూ రాలేదు, ఫోనూ చెయ్యలేదు. సమాధుల తోటలో అందరూ వెళ్ళిపోయాక బోర్డులాయన నా దగ్గరికొచ్చి, "పిన్నిగారండీ, మామీద ఏమైనా మనసు కష్టపెట్టుకున్నారాండీ టీచరుగారు? రావద్దన్నారుగా" అన్నాడు. అరవయ్యేళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా పెదవి బిగబట్టి. "లేదు నాయనా" అన్నాను. అంతమాత్రం చెప్పి ఇంటికొచ్చేశాను.

అందుకే ఇది రాస్తున్నాను. నాయనా, ఆవిడ రావద్దనలేదు. మీకోసం పదింటిదాకా బూట్లు విప్పకుండా కూర్చున్నారు. మీరు మానేశారని ఆవిడతో చెప్పిందీ నేనే, ఆవిడ వద్దన్నారని మీతో చెప్పిందీ నేనే. ఆవిడకి అసలు సంగతి తెలిసిందో లేదో ఇక నాకు తెలిసే దారి లేదు. మీకైనా తెలియాలి.

మేనకోడలు సామాను సర్దుతూ ఆ చెక్క మీరు ఉంచుకోండి పిన్నిగారూ అని ఇచ్చింది. మా ముందుగదిలో గోడకి ఆనించాను. జిగురు పట్టీలు అలాగే ఉన్నాయి, కాగితం అలాగే బిగుతుగా ఉంది. దానిమీద ఒక్క చుక్క లేదు. పదింటికి కిటికీలోంచి ఎండ వచ్చి దానిమీద పడుతుంది. కాగితం పచ్చబడిపోతుందేమోనని కర్టెన్ వేద్దామని లేస్తాను. కర్టెన్ అంచు చేతిలో పట్టుకుని, ఎండ దానిమీంచి పూర్తిగా జరిగిపోయేదాకా అలాగే నిలబడి ఉంటాను.