మత్తుమందు చరిత్ర, మామగారి చుట్ట

కత్తి ముట్టకుండానే మా మామగారి ఆపరేషన్ ఆపేయించిన ఘనుణ్ణి నేను. నవ్వితే నవ్వండి గానీ మా అత్తగారి దగ్గర ఈ ప్రస్తావన తేకండి.

పెళ్ళయిన కొత్త. మామగారికి హెర్నియా. మత్తిస్తే మళ్ళీ లేవనేమోనన్న భయంతో రెండేళ్ళు నొప్పి భరించారు. ఇంటిల్లిపాదీ బతిమాలితే చివరికి నరసరావుపేటలో ఆస్పత్రిలో చేరారు. మర్నాడు పొద్దున ఆపరేషన్.

నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. కొత్తల్లుడి తెలివి చూపించుకోవడానికి ఇంతకన్నా మంచి అదను దొరుకుతుందా? ధైర్యం చెప్పే నెపంతో మొదలుపెట్టాను. తర్వాత మత్తుమందుగా మారిన నవ్వించే గ్యాసుని పూర్వం విదేశాల్లో జనం సరదాకి పీల్చేవాళ్ళనీ, నీళ్ళలో మునిగినవాళ్ళకి కొలిమితిత్తితో ఊపిరి ఊదేవాళ్ళనీ, పొగాకు పొగ ఊది కూడా బతికించాలని చూసేవాళ్ళనీ చెప్పాను. అంత మోటు రోజుల్లోనే మనుషులు లేచి కూర్చున్నారు, ఇప్పుడు ఇన్ని మిషన్లుండగా మీకేం భయమన్నాను. మామగారి మొహం విప్పారింది. నేను మురిసిపోయాను.

పొద్దున మత్తు డాక్టరుగారు ఛాతీ మీద స్టెత్ పెట్టి మొహం చిట్లించారు. లోపల పిల్లికూతలట. పైగా గదంతా చుట్ట కంపు. ఇవాళ మత్తివ్వడం కుదరదు, నెల్లాళ్ళు పొగ మానేసి రమ్మన్నారు. అత్తగారు స్టూలు మీద కూలబడ్డారు. పోయిన వారమే మానమన్నాను గదా అని డాక్టరుగారు నిలదీశారు.

"మానేశానయ్యా," అన్నారు మామగారు. "పొగాకు పొగ ఊపిరి నిలబెట్టుద్దని మా అల్లుడుగారు చెప్పారు. చదువుకున్నోరు గదా అని పొద్దున్నే రెండు కాల్చా."

డాక్టరుగారు నావైపు తిరిగారు. "ఆ పొగ ఎక్కడ ఊదేవాళ్ళో చెప్పారా మాస్టారూ?"

చెప్పలేదు. పిల్లనిచ్చిన మామగారితో ఆ మాట ఎలా అంటామండీ? మర్యాద కొద్దీ మింగేశాను. ఇప్పుడు అత్తగారు, నర్సమ్మ, పక్క మంచాలవాళ్ళు అంతా చెవులు రిక్కించి చూస్తుంటే, సిగ్గుతో చచ్చిపోతూ నేల చూపులు చూశాను.

"నోట్లో కాదు మామయ్యగారూ. వెనకనుంచి. గొట్టం పెట్టి."

వార్డంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. మామగారు మాత్రం నవ్వలేదు. జేబులోని చుట్టల కట్ట తీసి, కాసేపు దాన్నే చూసి, చెత్తబుట్టలో వేశారు.

నెల తర్వాత ఆపరేషన్ హాయిగా జరిగింది. ఆయన మళ్ళీ చుట్ట ముట్టలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు ఎట్టా మానావని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు: "నోటికాడికి తెచ్చుకుంటే చాలు, మా అల్లుడుగారి గొట్టం గుర్తొస్తంది."

కాబట్టి, సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పెద్దవాళ్ళకి చరిత్ర చెబితే సిగ్గు విడిచి చివరిదాకా చెబుతాను. లేదా ఎండల గురించి మాట్లాడతాను.